కౌంటీ రేడియో వ్యవస్థ మార్చాలంటే: పాత వీహెచ్‌ఎఫ్‌నే బాగుచేయాలా, సొంతంగా పీ25 కట్టాలా, రాష్ట్ర నెట్‌వర్క్‌లో చేరాలా?

అమెరికాలో కౌంటీ అంటే దాదాపు మన జిల్లా లాంటిది. షరీఫ్ డిప్యూటీలు, ఊరికొకటిగా ఉండే వాలంటీర్ ఫైర్ కంపెనీలు, అంబులెన్సులు, 911 డిస్పాచ్ సెంటర్... వీళ్లందరినీ ఒక్కతాటి మీద ఉంచేది చేతిలోని వైర్‌లెస్ సెట్టే. ఆ వ్యవస్థ పాతబడినప్పుడు కమిషనర్ల బల్ల మీదకు వచ్చే ప్రతిపాదన తరచూ కోటి డాలర్లు దాటుతుంది. డాలస్, అట్లాంటా, ఉత్తర వర్జీనియా శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లు ఈ ఖర్చును ప్రాపర్టీ ట్యాక్స్ రూపంలోనో సేల్స్ ట్యాక్స్ రూపంలోనో కడుతూనే ఉంటారు. బాండ్ (కౌంటీ తీసుకునే అప్పు) మీద ఓటు వేయాల్సిన వాళ్లకూ, కౌంటీ ఆఫీసులో కూర్చుని టెండర్ రాయాల్సిన వాళ్లకూ పనికొచ్చేలా ఈ పోలిక రాస్తున్నాం. ఇందులో వీహెచ్‌ఎఫ్ అంటే 150–174 మెగాహెర్ట్జ్ దగ్గరి పాత బ్యాండ్, పీ25 అంటే పోలీసు, ఫైర్ విభాగాల డిజిటల్ రేడియో ప్రమాణం.

చాలా కౌంటీలు మొదటి మీటింగ్‌లోనే దారి తప్పుతాయి. ఏ కంపెనీ సెట్లు, ఎనలాగా డిజిటలా అనే చర్చతో మొదలుపెడతాయి. అసలు తేల్చాల్సింది వేరే ఉంది. నడుముకు తగిలించుకున్న సెట్‌తో, ఇంటి లోపల నిలబడి మాట్లాడితే డిస్పాచ్‌కు వినబడాలా? కౌంటీ విస్తీర్ణంలో ఎంత శాతం మేర వినబడాలి? ఈ ఒక్క వాక్యం రాసుకుంటే టవర్లు ఎన్ని కావాలో, ఖర్చు ఎంతవుతుందో, ఏ దారి మనదో సగానికి పైగా తేలిపోతుంది. కారులో బిగించిన 50 వాట్ల సెట్‌కు 95 శాతం కవరేజ్ ఇవ్వడం ఒక పని. నడుము మీది 3 వాట్ల సెట్‌కు, గోడల లోపల, అదే 95 శాతం ఇవ్వడం ఇంకో పని. రెండో దానికి టవర్లు రెట్టింపు పడినా ఆశ్చర్యం లేదు. టెండర్‌లో ఊరికే "95 శాతం కవరేజ్" అని రాస్తే కంపెనీవాళ్లు తమకు చవకైన అర్థమే తీసుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, రాసినవాళ్లదే తప్పు.

నడుము మీద ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. ఫైర్ కోటు జేబులో సెట్, యాంటెనా ఒంటికి ఆనుకుని ఉంటుంది. మాట్లాడేది భుజం మీది స్పీకర్ మైక్‌లో. ముఖం ముందు పట్టుకున్న సెట్‌తో పోలిస్తే ఒళ్లు మింగేసే సిగ్నల్ 10 డీబీకి (డెసిబెల్‌కు) అటూఇటూ ఉంటుంది. 10 డీబీ పోయిందంటే శక్తిలో పదో వంతే మిగిలిందన్నమాట. అంటే 3 వాట్ల సెట్ 0.3 వాట్ల సెట్‌లా పనిచేస్తుంది. దాని మీద గోడ ఇంకో 10 నుంచి 15 డీబీ తింటుంది. టవర్ 100 వాట్లతో మాట్లాడుతుంది కాబట్టి లోపల ఉన్నవాడికి డిస్పాచ్ మాట వినబడుతూనే ఉంటుంది. అతని మాట మాత్రం బయటికి రాదు. 100 వాట్లకూ 3 వాట్లకూ తేడా 15 డీబీ. ఈ తేడాను పూడ్చడానికే టవర్ పైన రిసీవ్ యాంటెనా దగ్గర ఆంప్లిఫయర్ పెడతారు, అదనపు రిసీవర్ సైట్లు వేసి ఓటింగ్ పద్ధతిలో బాగా విన్న రిసీవర్‌ను ఎంచుకుంటారు. టెండర్‌లో టవర్ నుంచి సెట్‌కు, సెట్ నుంచి టవర్‌కు రెండు దిశలకూ విడివిడిగా కవరేజ్ మ్యాపులు అడగండి. ఒక్క మ్యాపే ఇచ్చారంటే అది ఏ దిశదో మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు దారులు చూద్దాం.

పాత వీహెచ్‌ఎఫ్‌నే బాగుచేయడం

150–174 మెగాహెర్ట్జ్‌లో ఎనలాగ్ రిపీటర్లు (సెట్ మాటను విని ఎక్కువ శక్తితో తిరిగి పంపే పరికరాలు) ఇప్పటికీ ఎన్నో గ్రామీణ కౌంటీలను నడుపుతున్నాయి. అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2013 జనవరి 1 గడువుగా 25 కిలోహెర్ట్జ్ ఛానళ్లను 12.5కు కుదించినప్పుడు వీటిలో చాలా చోట్ల కవరేజ్ కొంత తగ్గింది. కొత్త వ్యవస్థ కావాలన్న ఫిర్యాదులకు అది కూడా ఒక మూలం. వీహెచ్‌ఎఫ్‌కు పెద్ద బలం కొండలు, చెట్లు. అలలు పొడవు (155 మెగాహెర్ట్జ్‌లో దాదాపు 1.9 మీటర్లు), కాబట్టి కొండ చరియల మీదుగా వంగుతాయి, ఆకుల గుండా తక్కువ నష్టంతో వెళతాయి. బలహీనత ఇనుము, కాంక్రీటు భవనాల లోపల. చిన్న కిటికీల గుండా దూరేటప్పుడు 35 సెంటీమీటర్ల 800 మెగాహెర్ట్జ్ అలకే పైచేయి.

జనాభా తక్కువ, కొండలు ఎక్కువ, ఒకేసారి రెండు మూడు సంఘటనలకు మించి ఉండవు అనుకునే కౌంటీకి ఈ దారి నిజంగా సరిపోతుంది. నాలుగైదు సైట్ల సైమల్‌కాస్ట్ (అన్ని టవర్లూ ఒకే మాటను ఒకేసారి పంపడం), ఓటింగ్ రిసీవర్లు, కొత్త కేబుళ్లు, కొత్త బ్యాటరీలు పెడితే చాలాచోట్ల రోగం కుదురుతుంది. "మా రేడియోలు పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదు వెనక తరచూ దొరికేది కాలం చెల్లిన టెక్నాలజీ కాదు, టవర్ మీద నీళ్లు తాగిన ఒక కనెక్టర్. అందుకే కొత్తది కొనాలా అని చర్చించే ముందే ప్రతి సైట్‌లో యాంటెనా లైన్‌ను ఎనలైజర్‌తో స్వీప్ చేయించండి, అంటే లైన్‌లో లోపం ఎక్కడుందో కొలిపించండి. కనెక్టర్ చుట్టూ టేపు కింద నుంచి పైకి చుట్టాలి. అప్పుడు ఒక్కో పొర కింది పొర మీదికి, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా, వచ్చి నీళ్లు జారిపోతాయి. పై నుంచి కిందికి చుట్టిన టేపు నీళ్లను లోపలికి పట్టి ఇస్తుంది. లోపలి రాగి పచ్చబడి, వానాకాలంలో రిసీవర్ చెవుడు తెచ్చుకుంటుంది. ఎండ కాయగానే మళ్లీ బాగానే ఉందనిపిస్తుంది. అందుకే ఈ లోపం ఏళ్ల తరబడి దొరకదు.

వీహెచ్‌ఎఫ్‌లో అసలు చిక్కు కొత్త ఫ్రీక్వెన్సీలు దొరకకపోవడం. ఈ బ్యాండ్‌లో ట్రాన్స్‌మిట్, రిసీవ్ జతలు ముందే కట్టి లేవు. చుట్టుపక్కల కౌంటీలన్నీ ఇష్టం వచ్చినట్టు సర్దుకున్నాయి. మరో నాలుగు ఛానళ్లు కావాలంటే ఖాళీ ఫ్రీక్వెన్సీలు వెతికిపెట్టే కోఆర్డినేటర్ చేతులెత్తేసే అవకాశం ఎక్కువ.

డీఎంఆర్ లాంటి చవక డిజిటల్

డీఎంఆర్ ప్రమాణం 2005లో యూరప్‌లో వచ్చింది. ఒక 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌ను రెండు టైమ్‌స్లాట్లుగా చీల్చి ఇద్దరిని ఒకేసారి మాట్లాడనిస్తుంది. సెట్లు పీ25 వాటి ధరలో చిన్న భాగానికే వస్తాయి. రోడ్ల విభాగానికి, స్కూల్ బస్సులకు ఇది మంచి పరిష్కారం. ఫైర్, పోలీసులకు మాత్రం మేం సలహా ఇవ్వం. పక్క కౌంటీ పీ25 సెట్‌కు డీఎంఆర్ మాట అర్థం కాదు. ఫెడరల్ గ్రాంట్లకు వర్తించే సేఫ్‌కామ్ మార్గదర్శకాలు డిజిటల్ కొనుగోళ్లకు పీ25నే కోరతాయి కాబట్టి గ్రాంటు రావడమూ కష్టం. పెద్ద అగ్నిప్రమాదానికి మూడు కౌంటీల బళ్లు వచ్చిన రాత్రి, మిగిలిన డబ్బుకు లెక్క అడిగేవాళ్లు ఉండరు. మాట కలవలేదేమని మాత్రం అడుగుతారు.

సొంత పీ25 ట్రంకింగ్ వ్యవస్థ

అమెరికా పోలీసు, ఫైర్ విభాగాల డిజిటల్ రేడియో ప్రమాణం పీ25. ప్రాజెక్ట్ 1989లో మొదలైంది. ఫేజ్ 1లో ఒక ఛానల్‌కు ఒక మాట. ఫేజ్ 2లో అదే 12.5 కిలోహెర్ట్జ్‌లో రెండు స్లాట్లు, రెండు మాటలు. ట్రంకింగ్ అంటే ఫ్రీక్వెన్సీలన్నీ ఒక ఉమ్మడి కుండలో ఉంటాయి. బటన్ నొక్కగానే కంట్రోల్ ఛానల్ ఖాళీగా ఉన్నదాన్ని కేటాయిస్తుంది. వాడేవాడికి కనిపించేది టాక్‌గ్రూప్ (కలిసి మాట్లాడుకునే బృందం) పేరు మాత్రమే.

సామర్థ్యం లెక్క కాగితం మీద వేసి చూస్తే ఈ దారి విలువ తెలుస్తుంది. ఐదు ఫ్రీక్వెన్సీలు ఉన్నాయనుకోండి. ఒకటి కంట్రోల్‌కు పోతుంది. ఫేజ్ 1లో నాలుగు మాటల దారులు, ఫేజ్ 2లో ఎనిమిది. రద్దీ గంటలో 900 సార్లు బటన్ నొక్కారు, ఒక్కో మాట సగటున 6 సెకన్లు అంటే మొత్తం 5,400 సెకన్లు, అంటే 1.5 ఎర్లాంగ్‌ల రద్దీ (సగటున ఒకటిన్నర దారులు గంటంతా నిండి ఉన్నట్టు). క్యూ లెక్కలో (ఎర్లాంగ్ సీ సూత్రం) నాలుగు దారులున్నప్పుడు దాదాపు 7.5 శాతం మంది ఆగాల్సి వస్తుంది. ఎనిమిది దారులుంటే ఆగేవాళ్లు దాదాపు లేరు. ఇక టోర్నడో వచ్చి రద్దీ మూడింతలు, అంటే 4.5 ఎర్లాంగ్‌లు అయితే నాలుగు దారులు ఇక తట్టుకోలేవు, క్యూ పెరుగుతూనే పోతుంది. ఎనిమిదిలో ఆగేవాళ్లు 10 శాతం దాకా ఉంటారు, పని నడుస్తుంది. మామూలు మంగళవారం లెక్కతో ఛానళ్లు నిర్ణయిస్తే తుఫాను రోజున వ్యవస్థ కూలబడుతుంది. డిస్పాచ్ రికార్డర్ నుంచి గత మూడేళ్లలో అన్నింటికంటే చెడ్డ గంటను తీసి ఆ అంకెతోనే లెక్క కట్టమనండి.

ఇందులోనే ఒక ఉచ్చు ఉంది. ఫేజ్ 2 వ్యవస్థలో ఒక టాక్‌గ్రూప్ మీదకు ఫేజ్ 1 మాత్రమే తెలిసిన పాత సెట్ ఒక్కటి వచ్చి చేరినా, ఆ టాక్‌గ్రూప్ సంభాషణ మొత్తం ఫేజ్ 1కు దిగిపోతుంది, రెండో స్లాట్ వృథా అవుతుంది. పక్క కౌంటీ ఇచ్చిన 20 పాత సెట్లు వాలంటీర్ కంపెనీల దగ్గర ఉంటే, కొన్న సామర్థ్యంలో సగం కాగితం మీదే మిగిలిపోవచ్చు. సెట్ల జాబితా ముందే తీసి, ఫేజ్ 2 లైసెన్స్ లేనివి ఎన్నో లెక్కపెట్టుకోవాలి.

రెండో ఉచ్చు సైమల్‌కాస్ట్. అన్ని టవర్లూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే మాటను ఒకేసారి పంపే పద్ధతి ఇది. ఫ్రీక్వెన్సీలు మిగులుతాయి, కానీ రెండు టవర్ల సిగ్నళ్లు దాదాపు సమాన బలంతో వేర్వేరు సమయాల్లో చేరే చోట సెట్ గందరగోళపడుతుంది. ఫేజ్ 1లో సెకనుకు 4,800 గుర్తులు, ఒక్కోదాని నిడివి 208 మైక్రోసెకన్లు. ఫేజ్ 2లో సెకనుకు 6,000, ఒక్కోటి 167 మైక్రోసెకన్లు. రేడియో అల ఒక కిలోమీటరుకు 3.3 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. రెండు టవర్ల దూరాల్లో తేడా 20 కిలోమీటర్లయితే 67 మైక్రోసెకన్లు. ఫేజ్ 1 గుర్తులో అది దాదాపు మూడో వంతు, ఫేజ్ 2లో 40 శాతం. ఒక గుర్తు రెండో దాని మీద పడి చెరిగిపోతుంది. సెట్ మీద సిగ్నల్ గీతలు నిండుగా కనబడతాయి, మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తుంది. "సిగ్నల్ ఫుల్‌గా ఉంది, వినబడటం లేదు" అని ఒక చోటి నుంచి పదేపదే ఫిర్యాదు వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. మందు ఇంకో టవర్ వేయడం కాదు, చాలాసార్లు దానివల్ల ముదురుతుంది. ఒక టవర్ శక్తి తగ్గించడం, యాంటెనాను కిందికి వంచడం, ఆ దిశను మూసేసే యాంటెనా పెట్టడం, లాంచ్ డిలే (టవర్ మాటను పంపే క్షణం) సవరించడం మొదట చేసి చూడాలి. ఈ వ్యవస్థ మొత్తం జీపీఎస్ గడియారాల మీద నడుస్తుంది. జీపీఎస్ యాంటెనాకు మంచు, పక్షి గూడు అడ్డం పడకుండా చూడటం కూడా మెయింటెనెన్స్ పనుల జాబితాలో ఉండాలి.

సొంత వ్యవస్థ కట్టే కౌంటీ సొంతంగా మోయాల్సిన బరువులు చాలా ఉన్నాయి: కోర్ సర్వర్లు (వ్యవస్థ మొత్తాన్ని నడిపే కేంద్ర కంప్యూటర్లు), వాటి సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ ఒప్పందం, సైబర్ భద్రత ప్యాచ్‌లు, ఇరవై నాలుగు గంటలూ పిలిస్తే వచ్చే టెక్నీషియన్, టవర్లను కలిపే మైక్రోవేవ్ లింకులు. టెండర్ ధర చూసి ఓటు వేసినవాళ్లకు ఆరో ఏడు వచ్చే అప్‌గ్రేడ్ బిల్లు గుర్తుండదు. 15 ఏళ్ల మొత్తం ఖర్చును ఏడాదివారీగా రాసి ఇవ్వకపోతే ఆ బిడ్‌ను పక్కన పెట్టండి. జనాభా లక్షల్లో ఉండి, సొంత రేడియో విభాగం ఉన్న పెద్ద కౌంటీలకు ఈ దారి సరిపోతుంది.

రాష్ట్ర నెట్‌వర్క్‌లో చేరడం

ఒహాయోలో మార్క్స్, మిన్నెసోటాలో ఆర్మర్, మిషిగన్‌లో ఎంపీఎస్‌సీఎస్, నార్త్ కరోలినాలో వైపర్. ఇలా చాలా రాష్ట్రాలకు సొంత రేడియో నెట్‌వర్క్‌లు ఉన్నాయి. ఆర్మర్‌ను రాష్ట్ర రవాణా శాఖ నడుపుతుంది, వైపర్‌ను హైవే ప్యాట్రోల్ పోలీసులు. కౌంటీ వీటిలో చేరితే కోర్ కొనక్కర్లేదు. రాష్ట్ర పోలీసులు, పక్క కౌంటీలు ఒకే వ్యవస్థ మీద ఉంటారు కాబట్టి మాట కలపడానికి రెండు వ్యవస్థలను ముడిపెట్టే ప్యాచ్‌లూ గేట్‌వేలూ పెద్దగా అవసరం పడవు.

మధ్య స్థాయి కౌంటీకి మా మొగ్గు ఇటే. అయితే ఉన్నదున్నట్టుగా చేరిపోవద్దు. రాష్ట్రం తన టవర్లను హైవేల మీద కార్లలోని సెట్ల కోసం వేసుకుంది. మీ ఊరి నర్సింగ్ హోమ్ బేస్‌మెంట్‌లో ఉన్న ఫైర్‌ఫైటర్ వాళ్ల డిజైన్‌లో లేడు. కోర్ రాష్ట్రానిది, సైట్లు మనవి అన్న పద్ధతిలో నాలుగో ఆరో టవర్లు అదనంగా వేసుకుని వాటిని రాష్ట్ర కోర్‌కు కలపడమే సరైన బేరం. ఆ ఒప్పందంలో ఇవి రాతపూర్వకంగా తేలాలి: ఒక్కో సెట్‌కు నెలకు ఫీజు ఉందా, ఉంటే ఎంత, ఎవరి అనుమతితో పెరుగుతుంది; మనం కొన్న టవర్, పరికరం ఎవరి ఆస్తి; రద్దీలో ఎవరి టాక్‌గ్రూప్‌కు ముందు ప్రాధాన్యం; రాష్ట్రం సాఫ్ట్‌వేర్ మార్చిన రోజున మన పాత కన్సోళ్లు పనికిరాకుండా పోతే ఆ ఖర్చు ఎవరిది.

అన్నింటికంటే ముఖ్యంగా అడగాల్సింది లింకు తెగినప్పటి సంగతి. కోర్‌కు దారి తెగితే సైట్ "సైట్ ట్రంకింగ్"లోకి పడిపోతుంది. ఆ సైట్ కింద ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరు, పక్క సైట్‌వాళ్లు వినలేరు. సైమల్‌కాస్ట్ కంట్రోలర్ మన కౌంటీలోనే ఉంటే కౌంటీ టవర్లన్నీ కలిసి ఒకటిగా పనిచేస్తాయి, అందుకే దాన్ని కౌంటీలో పెట్టమని పట్టుబట్టాలి. అప్పుడు కూడా డిస్పాచ్ కన్సోళ్లు చీకట్లో పడవచ్చు. దానికి విరుగుడు చవకైనది. డిస్పాచ్ కప్పు మీద యాంటెనాలతో కంట్రోల్ స్టేషన్లు, అంటే బల్ల మీద బిగించిన మామూలు మొబైల్ సెట్లు, ఒక్కో ముఖ్య టాక్‌గ్రూప్‌కు ఒకటి. నెలకోసారి కన్సోళ్లు ఆపేసి వాటితోనే అరగంట నడపాలి. వాడని బ్యాకప్ ఆపద వేళ పాస్‌వర్డ్ దగ్గరో మైక్ దగ్గరో ఆగిపోతుంది.

ఫస్ట్‌నెట్, సెల్‌ఫోన్ యాప్‌లు

2012 చట్టంతో ఏర్పడి, 2017లో ఏటీ అండ్ టీ చేతికి వెళ్లిన, పోలీసు, ఫైర్ వాళ్ల కోసం ఉద్దేశించిన సెల్ నెట్‌వర్క్ ఫస్ట్‌నెట్‌కు బ్యాండ్ 14లో 20 మెగాహెర్ట్జ్ కేటాయింపు ఉంది. మ్యాపులు, ఫొటోలు, రోగి వివరాలు, దూరంలో ఉన్న చీఫ్‌తో మాట్లాడటం వంటి వాటికి బాగుంటుంది. టవర్ లేని చోట మాత్రం పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి ఫోన్లు కూడా మాట్లాడుకోలేవు. వాకీటాకీలు ఏ టవర్ లేకపోయినా నేరుగా మాట్లాడుకుంటాయి. అందుకని ఫస్ట్‌నెట్‌ను రేడియో పక్కన పెట్టుకోండి, రేడియో స్థానంలో పెట్టకండి.

ఏ దారి పట్టినా ఫైర్‌వాళ్ల కోసం వదలకూడనివి రెండు

మొదటిది మంట దగ్గర నేరుగా మాట్లాడే ఎనలాగ్ ఛానల్. పీ25 వోకోడర్ మనిషి గొంతును నమూనాగా కట్టి పంపుతుంది. వెనక రంపం, పంపు, గాలి సిలిండర్ అయిపోతోందని మోగే గంట, 30 సెకన్లు కదలకపోతే అరిచే పాస్ అలారం ఉంటే, వోకోడర్ ఆ శబ్దాలను కూడా గొంతేనని పొరబడి మాటను నుజ్జు చేస్తుంది. 2008లో అమెరికా టెలికమ్యూనికేషన్ విభాగం ప్రయోగశాలలో చేసిన పరీక్షల్లోనూ ఫైర్ శబ్దాల మధ్య డిజిటల్ మాట అర్థం కావడం తగ్గినట్టు తేలింది. ఆ తర్వాత వోకోడర్లు మెరుగయ్యాయి, అయినా భవనంలోకి దిగే బృందానికి టవర్ మీద ఆధారపడని సింప్లెక్స్ ఛానల్ తప్పనిసరి. ఎనలాగ్‌లో సిగ్నల్ బలహీనపడితే గొంతు గరగరమంటూ క్రమంగా మసకబారుతుంది, విన్నవాడికి "దూరమవుతున్నాడు, పరిధి దాటబోతున్నాడు" అని తెలుస్తుంది. డిజిటల్‌లో స్పష్టంగా ఉన్న మాట ఒక్క అడుగులో మాయమవుతుంది. శిక్షణలో మైక్‌ను మాస్క్ వాయిస్ పోర్టుకు రెండు వేళ్ల దూరంలో పట్టి, బటన్ నొక్కాక ఒక క్షణం ఆగి మాట్లాడటం నేర్పాలి. ట్రంకింగ్‌లో ఛానల్ దొరికిందన్న బీప్ రాకముందే మాట్లాడితే మొదటి పదం గాలికి పోతుంది. "రెండో అంతస్తు" అన్నది "అంతస్తు"గా చేరుతుంది.

రెండోది పేజింగ్. వాలంటీర్ ఫైర్ కంపెనీలు ఇళ్లలో ఉన్న మనుషులను లేపేది వీహెచ్‌ఎఫ్ టూ-టోన్ పేజర్లతో. ఒక సెకను మొదటి స్వరం, మూడు సెకన్లు రెండో స్వరం, తర్వాత డిస్పాచర్ గొంతు. కౌంటీ 700/800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారి పాత టవర్లు కట్టేస్తే ఆ పేజర్లు మూగబోతాయి. కొత్త బ్యాండ్‌లో పనిచేసే పీ25 పేజర్లు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. చాలా కౌంటీలకు వీహెచ్‌ఎఫ్ పేజింగ్‌ను అలాగే ఉంచడమే తెలివైన పని. దానికి టవర్ మీద చోటు, డిస్పాచ్‌లో కన్సోల్ లింకు బడ్జెట్‌లో విడిగా రాయాలి. ఈ పద్దు మర్చిపోయిన ప్రాజెక్టులు చివరి నెలలో పరుగులు పెడతాయి.

కొనేవాళ్లు సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

కవరేజ్ పరీక్ష టీఎస్‌బీ-88 (కవరేజ్ కొలిచే పరిశ్రమ పద్ధతి) ప్రకారం, మాట నాణ్యత డీఏక్యూ (మాట స్పష్టతకు ఇచ్చే మార్కు) 3.4 స్థాయికి జరగాలి. అంటే కాస్త రొద ఉన్నా మళ్లీ చెప్పమనాల్సిన అవసరం అరుదుగా రావాలి. కౌంటీని చదరపు గడులుగా విడదీస్తారు. 1,500 చదరపు కిలోమీటర్ల కౌంటీని 800 మీటర్ల గడులుగా చేస్తే 2,300కు పైగా గడులు వస్తాయి. తారీఖు కూడా ఒప్పందంలో ఉండాలి. ఆకులు రాలిన జనవరిలో పాసైన 800 మెగాహెర్ట్జ్ వ్యవస్థ జూలైలో అడవి పచ్చబడ్డాక తప్పవచ్చు. చెట్లకు ఆకులున్న కాలంలోనే పరీక్ష అని రాయండి. బడులు, ఆసుపత్రి, జైలు, పెద్ద దుకాణాల పేర్లు ఒక్కొక్కటిగా జాబితా వేసి భవనాల లోపలి పరీక్షను విడిగా అడగండి. జైలు కాంక్రీటును ఏ టవరూ దాటలేదు, దానికి భవనంలోపల ఆంప్లిఫయర్ వ్యవస్థే కావాలి. అది సరిగ్గా బిగించకపోతే తనలో తానే ఊళ వేసి దగ్గరి టవర్ రిసీవర్‌కు చెవుడు తెస్తుంది. ఎవరు బిగించారు, ఎక్కడ ఉంది, ఆపే స్విచ్ ఏది అనే వివరాల రిజిస్టర్ రేడియో మేనేజర్ దగ్గర ఉండాలి.

కరెంటు లెక్క: సైట్ 1,500 వాట్లు తింటే 8 గంటలకు 12 కిలోవాట్ అవర్లు. 48 వోల్ట్ల బ్యాటరీకి అది 250 ఆంపియర్ అవర్లు. బ్యాటరీలు ముసలివై 80 శాతానికి దిగినా నిలవాలంటే 25 శాతం కలిపి 312. బిడ్‌లో 200 అని కనిపిస్తే అడగండి. జనరేటర్‌కు డీజిల్ అయితే గడ్డకట్టే చలిలో చిక్కబడుతుంది, కొండ మీది సైట్లకు ప్రొపేన్ మేలు. మైక్రోవేవ్ లింకులు ఒకదాని వెనక ఒకటి గొలుసులా కాకుండా వలయంగా ఉండాలి, ఒక చోట తెగితే రెండో వైపు నుంచి నడుస్తుంది. ఎర్తింగ్ పెద్ద సైట్లలో 5 ఓమ్‌లకు మించకూడదు, కొలిచిన కాగితం చేతికివ్వాలి. 200 అడుగులు దాటే టవర్‌కు ఎఫ్‌సీసీ రిజిస్ట్రేషన్, దీపాలు ఉంటాయి. పాత టవర్ మీద కొత్త యాంటెనాలు వేయాలంటే టవర్ల నిర్మాణ ప్రమాణం టీఐఏ-222 ప్రకారం బలం లెక్క చూడాలి. పర్యావరణ, చారిత్రక కట్టడాల అనుమతులకే ఏడాది పడుతుంది, ప్రాజెక్టులు ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

సెట్ల సంఖ్య చిన్నగా కనిపిస్తుంది గానీ డబ్బు అక్కడే పోతుంది. పీ25 చేతి సెట్ మామూలుగా 3,000 నుంచి 8,000 డాలర్ల మధ్య ఉంటుంది. 400 సెట్లు సగటున 5,000 చొప్పున 20 లక్షల డాలర్లు. అందరికీ అన్ని బ్యాండ్ల సెట్ అక్కర్లేదు. పక్క కౌంటీలకు తరచూ వెళ్లే చీఫ్‌లకు, మొదటి బళ్లకు అవి ఇచ్చి మిగతావాళ్లకు ఒకే బ్యాండ్‌వి కొనవచ్చు. ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ (బయటివాళ్లకు అర్థం కాకుండా మాటకు తాళం వేయడం) కావాలా అన్నది పోలీసులు తేల్చుకోవాలి. ఒకే తాళం పక్క కౌంటీల దగ్గర లేకపోతే ఆపద వేళ మాట కలవదు. ఫైర్ టాక్‌గ్రూప్‌లను తెరిచే ఉంచండి. ప్రతి సెట్‌లోనూ జాతీయ ఉమ్మడి ఛానళ్లు ప్రోగ్రామ్ చేయించండి: వీహెచ్‌ఎఫ్‌లో వీకాల్10 (155.7525 మెగాహెర్ట్జ్), 800లో 8కాల్90 (851.0125), ఎనలాగ్‌లో, 156.7 హెర్ట్జ్ టోన్‌తో. ఒక్క కంపెనీవాళ్ల సొంత ఫీచర్ ఏదైనా టెండర్‌లో తప్పనిసరిగా మారిందేమో చూసుకోండి. మోటరోలా, ఎల్3హ్యారిస్, కెన్‌వుడ్, టైట్, బీకే సెట్లలో కనీసం రెండు కంపెనీలవి వ్యవస్థ మీద నడిచి చూపించాకే కొనాలి.

మార్పిడి రోజుకు ముందు కనీసం 30 రోజులు కొత్త వ్యవస్థ లోపం లేకుండా నడవాలి. మొదట రోడ్ల విభాగం, తర్వాత పోలీసులు, చివర ఫైర్. పాత వ్యవస్థను మూడు నెలలు బతికి ఉంచండి. పాత వీహెచ్‌ఎఫ్ లైసెన్సులను మాత్రం తొందరపడి వదులుకోవద్దు. ఒక స్టేషన్ ఏడాదిపాటు మాట్లాడకపోతే ఎఫ్‌సీసీ నియమాల ప్రకారం శాశ్వతంగా ఆపినట్టే లెక్క, ఆ ఫ్రీక్వెన్సీ పక్కవాళ్లకు పోతుంది. పేజింగ్‌ను, ఒక కౌంటీవ్యాప్త బ్యాకప్ రిపీటర్‌ను అదే ఫ్రీక్వెన్సీల మీద నడుపుతూ ఉంటే లైసెన్స్ నిలుస్తుంది. కొత్త కోర్ ఆగిపోయిన రాత్రి డిస్పాచర్ ఏ బటన్ నొక్కాలో కన్సోల్ పక్కన కార్డు మీద రాసి పెట్టండి.